కట్టకింది ఊరు, ఎనిమిది నిమిషాలు తక్కువ

మా ఇంటి ఓనరు మట్టయ్యకి వరదంటే పిచ్చి. నిజం వరద కాదు. ఆమధ్య వానలకి మా కొత్తపేట గల్లీలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి, అందరం సామాన్లు నెత్తిన పెట్టుకుని మేడెక్కుతుంటే, ఆయన గేటు పట్టుకుని నిలబడి, "గిదేం వరద టీచరమ్మా, గీ నీళ్ళల్ల జోరే లేదు" అన్నాడు. ఆయన దృష్టిలో భూమ్మీద వచ్చిన అసలైన వరద ఒక్కటే. అది ఎనభై మూడులో, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఒక టాకీసులో, రోజుకి నాలుగుసార్లు చొప్పున వంద రోజులు వచ్చింది. దాన్ని వదిలింది ఆయనే.

సినిమా పేరు 'కట్టకింది ఊరు'. చెరువు కట్ట తెగి ఒక ఊరు కొట్టుకుపోయే కథ. మట్టయ్య ఆ టాకీసులో బొమ్మ తిప్పే ఆపరేటరు. నల్గొండ పక్క పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, గేటు దగ్గర చేరి, మిషన్ గదిలోకి ఎక్కి, ఇరవై రెండేళ్ళు అక్కడే ఉన్నాడు. ఇప్పుడా చోట నాలుగంతస్తుల బట్టల దుకాణం ఉంది. ఆయన మాత్రం ఇంకా ఆ మిషన్ గది దిగలేదు.

నేను ఆయన పై వాటాలో పదకొండేళ్ళుగా కిరాయికి ఉంటున్నాను. లెక్కల టీచర్ని. ఆ వరద కథ నాకు కనీసం నలభైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ నీళ్ళు ఒక అడుగు పెరిగేవి. నేనూ ఊరుకునేదాన్ని కాదు, "పోయినసారి తాటిచెట్టు సగం దాకే కదన్నా మునిగింది" అనేదాన్ని. కానీ ఒక్క ముక్క మాత్రం ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టదు. కట్ట తెగడానికి పది నిమిషాల ముందు ఆయన హాల్లో ఫ్యాన్లన్నీ ఆపించేవాడట. జనానికి చెమటలు పట్టి, మెడలు తుడుచుకుంటూ, ఎందుకో తెలియకుండానే గాబరా పడేవాళ్ళు. తెర మీద నీళ్ళు దూకగానే ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా వేయించేవాడు. ముందు వరుసల వాళ్ళు కాళ్ళు ఎత్తి కుర్చీల మీద పెట్టుకునేవాళ్ళట. అందులో అబద్ధం లేదనే నా నమ్మకం.

ఈ ఏడు ఒక టీవీ ఛానెల్ వాళ్ళు ఆ సినిమాని మళ్ళీ తీశారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి వేస్తామని వారం ముందు నుంచీ ఊదరగొట్టారు. మట్టయ్యకి కాలు నిలవలేదు. గల్లీలో ఇంటింటికీ వెళ్ళి పిలిచాడు, కుర్చీలు తెప్పించాడు. ఆయన భార్య అండాలమ్మ సర్వపిండి చేసి, "పెండ్లికి గూడ గింత హడావుడి చెయ్యలె ఈ మనిషి" అని తిడుతూనే అందరికీ పెట్టింది.

సినిమా మొదలైంది. ఊళ్ళో ఇళ్ళన్నీ నిన్ననే సున్నం వేసినట్టు మెరుస్తున్నాయి. పైనుంచి చూపించడం, ఇంకా పైనుంచి చూపించడం తప్ప ఎవరి ముఖమూ దగ్గరగా చూపించలేదు. కట్ట తెగబోతుండగా మట్టయ్య లేచి ఫ్యాను ఆపాడు. మేమంతా ఉక్కపోతలో ఊపిరి బిగపట్టాం. బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. ఫ్యాను వేశాడు. మళ్ళీ కట్ట కనిపించగానే ఆపాడు. ఈసారి బంగారు నగల ప్రకటన. అట్లా మూడుసార్లు ఆపి మూడుసార్లు వేశాడు. చివరికి నీళ్ళు వచ్చినప్పుడు ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్లో తయారైన ఆ నీళ్ళు మెరుస్తున్నాయి గానీ తడపడం లేదు.

ఊరి నీరటి, అంటే చెరువు తూము తెరిచి మూసే పనివాడు, ఆ నీళ్ళలో ఇంటింటికీ పరిగెత్తి జనాన్ని లేపుతాడు. ఆఖరి ఇంట్లోకి వెళ్ళి మరి బయటికి రాడు. ఈ కొత్త సినిమాలో ఆ ఆఖరి ఇంట్లో ఒక అందమైన పిల్ల ఉంది. వరద మధ్యలో వాళ్ళిద్దరికీ పాత జ్ఞాపకాల పాట కూడా ఉంది.

మట్టయ్య లేచి నిలబడ్డాడు. "అందరు కొట్టుకపోతున్నరు గని, అండ్ల ఒక్కడు గూడ నాకు ఎరుకైనోడు లేడు" అని బయటికి వెళ్ళిపోయి జామచెట్టు కింద కూర్చున్నాడు. ఆయన గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ వినిపించింది.

పేర్లు పడేటప్పుడు ఆయన లోపల ఉంటే బాగుండేది. 'కథా పరిశోధన' అన్న చోట శృతి పేరు పడింది. శృతి ఆయన కొడుకు కూతురు. నాగోలులో తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకి పోతే, పదో తరగతి దాకా ఈ ఇంట్లోనే, ఈయన వరద కథల మధ్యే పెరిగింది. ఏదో టీవీ కంపెనీలో కంప్యూటర్ పని చేస్తుందని మాత్రమే ఆయనకి తెలుసు. నెల కిందట మెట్ల మీద నన్ను ఆపి, "ఆంటీ, తాతకు ఒక సర్‌ప్రైజ్ ఉంది, చెప్పకుర్రి" అంది. అది ఇదన్నమాట. పేరు చదివాను. చెట్టు కింద ఆయన ముఖం చూశాను. రేపు చెబుదాంలే అని నోరు కుట్టేసుకుని మేడెక్కాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మర్నాడు సాయంత్రం బడి నుంచి వచ్చి మెట్ల కింద చెప్పులు విప్పుతుంటే మట్టయ్య గొంతు రెండు చోట్ల నుంచి వినిపించింది, ఒకటి గదిలోంచి, ఒకటి టీవీలోంచి. ఆ సినిమా దర్శకుడు పట్టాభి ఛానెల్లో కూర్చుని ప్రేక్షకుల ఫోన్లకి జవాబిస్తున్నాడు. లైనులో ఉన్నది మట్టయ్య.

"సారూ, మీకు పాత సినిమా చూసి రాసిచ్చినోళ్ళు ఎవరో గని నిద్రపోయి రాసిన్రు. వరదకు ముందట నీరటి ఇల్లిల్లు తిరిగి బువ్వ తెచ్చుకునే సీను ఉంటది. ఎనిమిది నిమిషాలు. అది యాడ పోయింది? అది లేకనే నీరటి ఆఖరి ఇంట్లకు ఎందుకు ఉరికిండో మీకు తెల్వలె. తెల్వక ఒక పోరిని తెచ్చి కూసోబెట్టిన్రు."

పట్టాభి ముఖంలో నవ్వు తగ్గింది. "అలాంటి సీను ఉన్నట్టు నాకు గుర్తు లేదండీ. మా వాళ్ళని అడుగుతాను" అన్నాడు.

నేను గుమ్మంలో నిలబడి, ఆయన ఫోను పెట్టేదాకా ఆగి, "అన్నా, ఆ రాసిచ్చింది మన శృతి" అన్నాను. మట్టయ్య నా వంక కాసేపు చూసి, రిమోటు తీసుకుని టీవీ ఆపేశాడు. అండాలమ్మ వంటింట్లోంచి వచ్చి, "నీ నోరు పడిపోను, పిల్ల నౌకరి ముంచినవా ఏంది" అంది.

ఆమె అన్నంత పనీ అయింది. మంగళవారం శృతి బ్యాగు తగిలించుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. మట్టయ్య ఫోను ఒక్కటే అయితే పోయేది. వివరం మర్చిపోయాం గానీ ఆ సీను మేమూ చూశామని ఇంకో నలుగురు పెద్దవాళ్ళు ఛానెల్‌కి రాశారట. పాత సినిమా చూసి ఒక్కో సీనూ జాబితా రాయడం శృతి పని. ఎనిమిది నిమిషాల సీను వదిలేసిందని పైవాళ్ళు పట్టుకున్నారు. ఉండాలో పోవాలో గురువారం తేలుస్తామన్నారట.

"నువ్వు ఫోన్ చేసినందుకు బాధ లేదు తాతా" అంది శృతి. "లేని సీను ఉన్నదన్నవు, గది బాధ. ముప్పై సార్లు చూసిన నేను. ఆ సీను లేదు."

"ఉన్నది బిడ్డా."

"లేదు తాతా. సూడు."

ల్యాప్‌టాప్ తెరిచింది. నెగటివ్ మద్రాసులో ఎప్పుడో పాడైపోయిందట. ప్రింట్లన్నీ పోగా ఒకే ఒక్కటి పాత గోడౌనులో దొరికితే, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. మట్టయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత తన సినిమాని చూస్తున్నాడు. మొదట్లో ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకా మాట రాకముందే పెదవులు కదిపేవాడు. చెరువు మీద మబ్బు పట్టే దగ్గరికి వచ్చేసరికి బొమ్మ చిన్నగా ఎగిరింది. ఎగిరి నేరుగా అర్ధరాత్రి వానలోకి పడింది.

"ఆపు" అన్నాడు. "జర ఎనకకు పో. ఇంకొంచెం."

బొమ్మ ఎగిరే చోట తెర పైమూలలో, ఇంటూ గుర్తు, దాని కింద ఒక చుక్క, కనిపించీ కనిపించనట్టు ఉంది. ఎవరో సూదితో ఫిలిం మీద గీశారు. మట్టయ్య దాన్ని చూస్తూ ఉండిపోయాడు. నాకు అదేమిటో తెలియదు. శృతి మాత్రం, "ఏదో గీత తాతా, ఇట్లాంటివి చానా ఉన్నయ్" అంది.

"అవు" అన్నాడు మట్టయ్య. "సీను లేదు." అని లేచి పెరట్లోకి పోయాడు. శృతి ల్యాప్‌టాప్ మూసి, అండాలమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

మర్నాడు పొద్దున నేను టిఫిను డబ్బా కట్టుకుంటుంటే మెట్ల మీద దగ్గు వినిపించింది. మోకాళ్ళ నొప్పులని మట్టయ్య రెండేళ్ళుగా పైకి రాడు. వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, గోడకి ఆనుకుని చెప్పాడు.

"గా గుర్తు నాదే టీచరమ్మా. ప్రతి ఆపరేటరుకు ఒక గుర్తు ఉంటది. యాడ కోసి అతికిచ్చినమో మాకు తెలిసేటందుకు. ఆ సీను నేనే కోసిన."

తొంభై ఒకటిలో ఆ సినిమా అదే టాకీసులోకి రెండోసారి వచ్చింది. నల్గొండ పక్క పల్లెల వాళ్ళు పండ్ల మార్కెట్‌కి వచ్చి, సరుకు అమ్ముకుని, సాయంత్రం ఆట చూసి పోయేవాళ్ళు. ఆట వదిలేది తొమ్మిదింటికి. వాళ్ళ ఆఖరి బస్సు కదిలేదీ తొమ్మిదింటికే. సరిగ్గా కట్ట తెగబోయే ముందు వాళ్ళు ఒక్కొక్కరే లేచి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని బయటికి పోయేవాళ్ళు. మట్టయ్య మిషన్ గది కంతలోంచి అది చూసేవాడు.

"నా మనుషులు టీచరమ్మా వాళ్ళు. మా పక్క ఊర్లోళ్ళు. టికెట్ కొనుక్కొని వరద చూడకుంట పోతుండ్రు. నాకు పానం ఆగలె. గా బువ్వ సీనుల ఏం లేదు, నీరటి తిరుగుతడు, అడుక్కుంటడు, గంతే. అది తీసేస్తె వరద ఎనిమిది నిమిషాలు ముందుగాల వస్తది. చూసి, ఉరికితె బస్సు దొరుకుతది. దొరికింది గూడ. అందరికి దొరికింది."

ప్రింటు తిరిగి పంపేటప్పుడు కోసిన ముక్క మళ్ళీ అతికించి పంపాలి. ఆపరేటర్లకి అది నియమం. పెట్టె తీసుకుపోయే మనిషి వచ్చిన రోజు మట్టయ్య ఊళ్ళో తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకల పండక్కి పోయాడు. తిరిగొచ్చేసరికి పెట్టె పోయింది, ముక్క డబ్బాలో మిగిలింది. ఇంకా బోలెడు ప్రింట్లు ఉంటాయిలే అనుకున్నాడు. కొన్నాళ్ళకి తుక్కు ఫిలింతో పాటు అదీ తూకానికి పోయింది.

నాకు కోపం వచ్చింది. దాచుకోను. "నిన్న ఆ పిల్ల అంత ఏడుస్తుంటే అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాను.

"ఎట్ల చెప్తా? చిన్నప్పటి సంది దానికి నా సినిమా, నా సినిమా అని చెప్పుకుంట పెంచిన. అది ఈ నౌకరికి పోయిందే నా మాటలు విని." మెట్ల వైపు చూశాడు. "నేను చెప్పకపోతె ఎవరికి తెల్వదు. నువ్వు గూడ మర్చిపోతవు. గని పిల్ల పేరు ఖరాబైతది. రేపు నాతో రా టీచరమ్మా. ఒక్కన్నే పోతే గేటుకాన్నే తిరిగొస్తనేమో."

ఆ మాట విన్నాక ఇక కోప్పడలేకపోయాను. గురువారం సెలవు పెట్టాను.

ముగ్గురం విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో మెట్రో ఎక్కాం. తాత తనకోసం క్షమాపణ చెప్పడానికి వస్తున్నాడని శృతి అనుకుంటోంది. "అవసరం లేదు తాతా, ఇంకా నవ్వుతరు" అని రెండుసార్లు అంది కూడా. దిల్‌సుఖ్‌నగర్ దాటుతున్నప్పుడు బట్టల దుకాణం పక్కనుంచే పోయాం. అది వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడి చూపించే మనిషి, ఆ రోజు తల వంచుకుని చేతుల్లోని టికెట్‌ని తిప్పుతూ కూర్చున్నాడు.

అమీర్‌పేట దగ్గర వాళ్ళ ఆఫీసు. పట్టాభికి యాభై దాటి ఉంటాయి, గుంటూరు మాట. మట్టయ్యని చూసి లేచి, కుర్చీ లాగాడు. మట్టయ్య కూర్చోలేదు. నాతో చెప్పినదంతా మళ్ళీ నిలబడే చెప్పాడు, బస్సు సంగతీ, పెట్టె సంగతీ, తూకం సంగతీ. ఎక్కడా తనని తాను వెనకేసుకు రాలేదు. "పిల్ల నిద్రపోలె సారూ. ఉన్నదంత చూసింది. లేకుంట చేసింది నేను" అన్నాడు. శృతి నోరు తెరుచుకుని తాతనే చూస్తోంది. ఆ పిల్ల అరుస్తుందేమో, లేచిపోతుందేమో అని నేను భయపడ్డాను. లేచి, తన మంచినీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది.

పట్టాభి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తర్వాత, "ఏ టాకీసన్నారు?" అని అడిగాడు.

మట్టయ్య చెప్పాడు.

"తొంభై ఒకటిలో నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నానండీ. ఆ సినిమా మీ హాల్లోనే పదకొండుసార్లు చూశాను. చదువు మానేసి సినిమాల్లోకి వచ్చింది దాని మూలానే." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మొన్న మీరు ఫోన్లో తిట్టారు. అందరూ కొట్టుకుపోతున్నారు గానీ ఎవరూ ఎవరో తెలీదని మా వాళ్ళు కూడా చాలామంది అన్నారు. నాకు అర్థం కాలా. నేను చూసిన సినిమా అంతేగదండీ. నేను తీసింది మీరు చూపించిందే."

మట్టయ్య అప్పుడు కూర్చున్నాడు. ఎనిమిది నిమిషాలు మిగిల్చి వరద చూపించానని ముప్పై ఏళ్ళు సంతోషపడ్డ మనిషి, ఆదివారం టీవీలో తను చూసి ఏవగించుకున్నది తన చేతి పనేనని ఆ క్షణాన తెలుసుకున్నాడు. నాకు ఆయన వంక చూడబుద్ధి కాలేదు.

"అమ్మాయి గురించి నేను పైవాళ్ళతో మాట్లాడతాను, తన తప్పేం లేదు" అన్నాడు పట్టాభి. "మీరొక్క సాయం చెయ్యండి. ఆ సీను చెప్పండి. వింటాను."

మట్టయ్య నీళ్ళు తాగి చెప్పడం మొదలుపెట్టాడు. శృతి నోటుబుక్కు తీసింది. సాయంత్రం పూట నీరటి గిన్నె పట్టుకుని బయల్దేరతాడు. తూము కాపలా కాసినందుకు ఊరు అతనికి రోజూ ఇంత బువ్వ పెట్టాలి. మొదటిది కోమటోళ్ళ ఇల్లు. ఆమె నిన్నటి అన్నం వేస్తూ తిడుతుంది. రెండో ఇంట్లో కొత్త కోడలు, ఎంత పెట్టాలో తెలియక గిన్నె నిండా పెట్టేస్తుంది, లోపల్నుంచి అత్త కేకలు. మూడో ఇంట్లో ముసలాయన బువ్వ లేదని చుట్ట ఇస్తాడు, నా మడికి నీళ్ళెప్పుడని అడుగుతాడు. నాలుగో ఇంట్లో పిల్లలు అతని కర్ర దాచిపెడతారు. ఐదో ఇంటి కుమ్మరామె దగ్గర ఏమీ లేదు, ఒక ఉల్లిగడ్డ ఇస్తుంది. ఆరో ఇంట్లో మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుంటుంటే నీరటి వెనక్కి తిరుగుతాడు, ఆమె కళ్ళు తుడుచుకుంటూ పిలిచి మరీ పెడుతుంది.

చెబుతుంటే ఆయన గొంతు మారిపోయింది. అందులో నీళ్ళ జోరు లేదు, కేకలు లేవు. ఆ ఆరుగురినీ నేను చూశాను. రాత్రికి వాళ్ళ గడపల్లోకే నీళ్ళొస్తాయని నాకు తెలుసు. వరదలో నీరటి తలుపులు కొట్టే వరస కూడా అదేనని అప్పుడు తెలిసింది. బువ్వ పెట్టిన వరసలోనే లేపుతూ పోయాడు.

"మరి ఏడో ఇల్లు?" అన్నాడు పట్టాభి ముందుకి వంగి. "ఆరిళ్ళ వాళ్ళని లేపి గుట్టెక్కించాడు. ఏడో ఇంట్లోకి వెళ్ళి మరి రాలేదు. ముప్పై ఏళ్ళుగా అదే ఆలోచిస్తున్నా. ఎవరున్నారని పోయాడు? తెలీకే ఆ అమ్మాయిని పెట్టాను. ఎవరండీ ఆ ఇంట్లో ఉన్నది?"

మట్టయ్య చెయ్యి గాల్లో లేచి, ఏదో పట్టుకోబోయినట్టు అక్కడే ఆగింది.

"ఆరో ఇంటికాడికి ఆ రీలు అయిపోవస్తది సారూ" అన్నాడు. "నేను తర్వాతి రీలున్న రెండో మిషన్ కాడికి పోయి, బొమ్మకు ఎలుగిచ్చే కార్బన్ కడ్డీలు ఎలిగియ్యాలె. తల వంచుకొని ఎలిగిస్తుంటి. మళ్ళ తల ఎత్తేటాళ్ళకు వాన పడుతుండె."

శృతి కలం ఆగింది.

"వరదల నీరటి ఆ ఇంట్లకు పోతుంటె హాలంత ఏడిచేది. గదిలకు ఇనపడేది నాకు. ఎందుకు ఏడుస్తున్నరో అని ఒక్కనాడు గూడ అడగలె. నీళ్ళను చూసి ఏడుస్తున్నరు అనుకున్న." ఆయన మనవరాలి వైపు తిరిగాడు. "వంద రోజులు నాలుగు ఆటలు తిప్పిన బిడ్డా. ఆ ఇంట్ల ఎవరున్నరో నేను చూడలె. చూడకుంటనే కోసిన."